ట్యాపెట్ కవరు నుండి నూనె కారుచున్నదా?

నగరి మండలమందలి ఒక గ్రామమునకు మేము వెళ్ళినపుడు ఒక రైతు తన పాత ట్రాక్టరును మాకు చూపెను. ఇంజను ప్రక్కభాగమంతయు నల్లని జిడ్డు. దానిపై ధూళి చేరి అట్టకట్టి యున్నది. “మూడు మాట్లు బోల్టులు బిగించినానయ్యా, అయినా కారతానే ఉండాది” అని ఆయన మొరపెట్టుకొనెను. ఇంజను మొత్తము విప్పవలయునని ఒక మెకానిక్కు చెప్పి యుండెనట. ఆ ఖర్చును తలచుకొని ఆ రైతు దిగులుతో నుండెను.

చెన్నపట్టణమున 1960లో స్థాపితమైన టాఫె సంస్థవారి మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరుల వంటి పాతబండ్లు మన ప్రాంతమున నేటికిని పని చేయుచున్నవి. ఏ కంపెనీదైనను, డీజిలు ఇంజను తలపై నొక మూత యుండును. దీనినే పుస్తకములలో వాల్వు కవరనియు రాకర్ కవరనియు వ్రాయుదురు. మన మెకానిక్కులు ట్యాపెట్ కవరందురు. దాని క్రింద వాల్వులను నొక్కు రాకరులు ఎడతెగక ఆడుచుండును గనుక వానికి నూనె అందుచుండును. మూతకును సిలిండరు హెడ్డుకును నడుమ నుండు కార్కు లేక రబ్బరు ప్యాకింగే ఆ నూనెను వెలికి రానీయక ఆపుచున్నది.

కొంచెము నూనె కారినంతమాత్రమున నేమని కొందరు ఊరకుందురు. లెక్క వేసి చూడుడు. నిమిషమునకు 6 చుక్కలు కారిన గంటకు 360 చుక్కలగును. మిల్లీలీటరుకు 25 చుక్కలని స్థూలముగా అనుకొన్నను, రోజుకు 8 గంటల పనిలో సుమారు 115 మిల్లీలీటర్లు, తొమ్మిది దినములలో ఒక లీటరు పోవును. మట్టము చూడక మడి దున్నుచు పోయినచో బేరింగులు పట్టివేయుట తథ్యము. అంతకంటె భయంకరమైనది మరియొకటి కలదు. ఆ నూనె కాలుచున్న పొగగొట్టముపై బడి, దానికి ఎండుగడ్డి తోడైనచో నిప్పంటుకొనవచ్చును.

నూనె క్రిందికి జారును. ఫ్యాను గాలికి వెనుకకును ప్రాకును. కనుక తడి కనబడిన చోటనే లోపమున్నదని తలంపరాదు. చల్లారిన ఇంజనును డీజిలు గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మూత అంచు చుట్టును ముఖమునకు పూసుకొను పౌడరు పలుచగా చల్లి, పావుగంట నడపుడు. అన్నిటికంటె ఎగువన ఎచట తడి చార మొదలగునో అదియే మూలము. ముగ్గుపిండి మాత్రము వాడకుడు. అది రాతిపొడి, లోన బడిన ఇంజనునే అరగదీయును.

ఇక బోల్టులు బిగించుట విషయము. మన రైతులు ఎక్కువగా పొరపడునది ఇచటనే. మితిమీరి బిగించినచో రేకుమూత అంచు బోల్టుల వద్ద లోనికి వంగి, నడుమ పైకి లేచును. ప్యాకింగు నలిగి వెలికి వచ్చును. ఎంత బిగించిన అంత కారును! మూతను విప్పి అద్దపుపలకపై బోర్లించిన ఆ వంపు కంటికి కనబడును. కొయ్యదిమ్మెపై నుంచి చిన్న సుత్తితో మెల్లగా తట్టి సరిచేయవలయును. పోతమూతయైనచో తట్టరాదు, పగులును.

హెడ్డుపై శుభ్రమైన గుడ్డ కప్పి, పాత ప్యాకింగును కొయ్యముక్కతో గోకివేయుడు. ఉలి తగిలిన గీత పడును. రెండు అంచులును జిడ్డు లేకుండ తుడువవలయును. దుకాణములో ఎండి కురచయైన కార్కు ప్యాకింగు దొరకినచో, కొంతసేపు గోరువెచ్చని నీట నుంచిన మరల సాగును. తడి తుడిచి వాడుకొనవచ్చును. కార్కు ప్యాకింగుకు మూతవైపు మాత్రమే షెల్లాకు పలుచగా పూసి అంటించుడు. జిగురు దండిగా పూయుట మంచిదనుకొనుట పొరపాటు. మిగిలినది లోన ఊడి నూనె జల్లెడను మూసివేయును. బోల్టులను చేతితో త్రిప్పి, పిమ్మట చిన్న స్పానరుతో నడుమ నుండి చివరలకు కొద్ది కొద్దిగా బిగింపవలయును. మూతపై నట్లున్న యెడల వాని క్రింది రబ్బరు వాషర్లను కూడ మార్చుడు.

ఇంతయు చేసినను కారినచో బ్రీదరు గొట్టమును చూడవలయును. మండిన గ్యాసు కొంత పిస్టను రింగులను దాటి క్రిందికి దిగును; అది వెలుపలికి పోవు దారి ఈ గొట్టము. దారి మూసికొన్న లోన ఒత్తిడి పెరిగి నూనెను ప్యాకింగు సందులనుండి త్రోయును. ఆ రైతు ట్రాక్టరు గొట్టములో కందిరీగ మట్టిగూడు కట్టియుండెను! గొట్టము శుభ్రముగా నున్నను దాని నుండి పొగ బుస్సుబుస్సుమని దట్టముగా వచ్చుచున్నచో రింగులో సిలిండరులో అరిగి యుండవచ్చును. అప్పుడు ఇంజను విప్పించి చూపక తప్పదు, ప్యాకింగు ఎన్నిమారులు మార్చినను ఫలముండదు.

ఆ రైతుకు ఆ ఖర్చు తప్పినది. గూడు తీసి, అంచు సరిచేసి, కొత్త ప్యాకింగు వేసిన పిమ్మట వారము దినములు దున్నినను పౌడరు చల్లిన చోట తడి కనబడలేదని, మేము మరల వెళ్ళినపుడు ఆయన మాకు చెప్పెను.