రెండేళ్ల నర్సింగా, నాలుగేళ్ల నర్సింగా?

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు కావాలంటే కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీ అయినా చదవవచ్చు, యూనివర్సిటీలో నాలుగేళ్ల బ్యాచిలర్స్ అయినా చదవవచ్చు. మొదటిదాన్ని ఏడీఎన్, రెండోదాన్ని బీఎస్‌ఎన్ అంటారు. ఏది చదివినా రాసే పరీక్ష ఒకటే: ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. వచ్చే లైసెన్సూ ఒకటే. తేడా కనబడేది ఆ తర్వాతే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నర్సుల కొరత తీర్చడానికి మిల్డ్రెడ్ మాంటాగ్ ఆలోచన మేరకు 1952లో ఏడీఎన్ ప్రయోగంగా మొదలైంది. దీన్ని రెండేళ్ల కోర్సు అంటారు గానీ, ఆ లెక్కను పూర్తిగా నమ్మకూడదు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ముందే పూర్తి చేయాలి. చాలా చోట్ల సీటు కోసం వేచి ఉండక తప్పదు. అన్నీ కలిపితే మూడేళ్లు పట్టడం మామూలే. అంటే ఏడీఎన్‌తో కాలం కలిసొచ్చేది తక్కువ, డబ్బు కలిసొచ్చేది ఎక్కువ.

బీఎస్‌ఎన్‌లో ప్రజారోగ్యం, పరిశోధన, నాయకత్వం అదనంగా చదువుతారు. నగరాల్లోని పెద్ద ఆసుపత్రులు, ముఖ్యంగా నర్సింగ్ నాణ్యతకు ఇచ్చే మాగ్నెట్ గుర్తింపు ఉన్నవి, వీరివైపే మొగ్గుతాయి. ఆర్మీ నర్స్ కోర్‌లో చేరడానికి బీఎస్‌ఎన్ తప్పనిసరి. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చేసిన చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, కొత్తగా లైసెన్సు పొందిన నర్సులు పదేళ్లలోగా బ్యాచిలర్స్ పూర్తి చేయాలి. నర్సింగ్ హోములు, చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో మాత్రం ఏడీఎన్ వారికి ఉద్యోగాలు బాగానే దొరుకుతాయి.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారికి మేలైన పద్ధతి ఏడీఎన్‌తో ఉద్యోగంలో చేరి, ఆన్‌లైన్‌లో ఆర్‌ఎన్-టు-బీఎస్‌ఎన్ చదవడం. ఫీజులో కొంత భరించే ఆసుపత్రులూ ఉన్నాయి. ఐసీయూ, నర్స్ ప్రాక్టీషనర్ వంటి లక్ష్యాలు ముందే తేల్చుకున్నవారు నేరుగా బీఎస్‌ఎన్‌లో చేరడమే నయం. ఏ కాలేజీ అయినా రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదం, అక్రెడిటేషన్, ఎన్‌క్లెక్స్ ఉత్తీర్ణత శాతం చూసుకున్నాకే ఫీజు కట్టాలి.

ఇప్పటికే వేరే డిగ్రీ ఉన్నవారికి సుమారు 12 నుంచి 18 నెలల యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ ఉంది. బీటెక్ చదివి అక్కడ స్థిరపడిన తెలుగు గృహిణులకు ఇది పనికొస్తుంది. మన మూడేళ్ల బీఎస్సీ, బీకామ్‌లను కొన్ని యూనివర్సిటీలు సమాన డిగ్రీగా ఒప్పుకోవు కాబట్టి, ముందే మూల్యాంకనం చేయించుకోవాలి. హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు ఇచ్చే హెచ్-4 వీసాపై చదువుకోవచ్చు, కానీ వర్క్ పర్మిట్ లేనిదే నర్సుగా పనిచేయడం కుదరదు.