కోడు వ్రాయు యంత్రమునకు సూచనల పత్రము

మేధా టవర్స్, హెచ్.సి.ఎల్. ప్రాంగణము గల కేసరపల్లి మన గన్నవరమునకు చేరువనే ఉన్నది. అట్టి చోట ఉద్యోగము కోరు విద్యార్థులు నేడు కృత్రిమ మేధ చేత ప్రోగ్రాములు వ్రాయించుట నేర్చుచున్నారు. వారికి అక్కరకు వచ్చు ఒక చిన్న పాఠమును ఇచట వివరింపదలచితిమి.

ఈ సహాయక యంత్రము ఎంత నేర్పు గలదైనను, సాధారణముగా ప్రతి సంభాషణను క్రొత్తగానే ఆరంభించును. నిన్న మనము చెప్పిన నియమము నేడు దానికి తెలియదు. మన రాష్ట్రమున 1984లో కరణీకము రద్దయినను అడంగలు నిలిచినది. గ్రామమునకు క్రొత్తగా వచ్చిన ఉద్యోగి దానిని తెరచి ఏ పొలము ఎవరి సాగులో ఉన్నదో తెలిసికొనును. ప్రోగ్రామునకును అట్టి అడంగలు ఒకటి కావలెను. క్లాడ్ కోడ్ అను సాధనము 'క్లాడ్.ఎమ్‌డి' అను ఫైలును, మరికొన్ని సాధనములు 'ఏజెంట్స్.ఎమ్‌డి' అను ఫైలును పని ఆరంభమునందే చదువుకొనును.

అందేమి వ్రాయవలెను? ఉర్దూ, తెలుగు లిపులలో విద్యార్థుల ధ్రువపత్రములను ముద్రించు ప్రోగ్రామును ఊహింతము. 'రహ్మాన్' అను పేరు కంటికి మూడక్షరములే. యూనికోడ్‌లో ఏడు సంకేతములు. స్థలము చాలదని యంత్రము దానిని మూడు సంకేతములకు కుదించినచో 'రహ్' మాత్రమే మిగులును. ధ్రువపత్రముపై పేరు తెగిన విద్యార్థి ఎన్ని కార్యాలయముల చుట్టు తిరుగవలెనో మనము ఎరుగనిది కాదు. కావున పత్రమున ఇట్లు వ్రాయవలెను: "పేరును ఎచ్చటను కత్తిరింపరాదు. ఉర్దూను కుడినుండి ఎడమకు చూపవలెను. తేదీలో మొదట దినము, పిదప మాసము ఉండవలెను. ప్రతి మార్పు తరువాత పేర్ల పరీక్షను నడుపవలెను." "పేర్లను చక్కగా చూపుము" అనుట వలన ప్రయోజనము స్వల్పము. సరిచూచుటకు వీలైన వాక్యమే నియమము.

పత్రము పెరిగినకొలది ముఖ్యమైనది మరుగుపడును. కోడు చదివి తెలిసికొనగల సంగతులను అందు చేర్చనక్కరలేదు. పాస్‌వర్డులను అందు ఎన్నడును ఉంచరాదు. పద్ధతి మారిననాడే పత్రమును దిద్దవలెను. పాతబడిన నియమము యంత్రమును తప్పుదారి పట్టించును.

వ్రాసినంత మాత్రమున యంత్రము తప్పక పాటించునని నమ్మరాదు. అది వ్రాసిన కోడును మనమే చదువవలెను, 'రహ్మాన్' వంటి పేర్లతో పరీక్షింపవలెను. ధ్రువపత్రమును అందుకొను విద్యార్థికి జవాబు చెప్పవలసినది యంత్రము కాదు, మనము. తాము చేయు పని యొక్క నియమములను పది వాక్యములలో స్పష్టముగా వ్రాయుట మన విద్యార్థులు ఇప్పటినుండియే అభ్యసింతురుగాక.