చెత్త అనే ముందు

ఈ మధ్య పిల్లల నోట రెండు మూడు మాటలే వినిపిస్తున్నాయి. కూర నచ్చకపోతే వరస్ట్. పెన్సిల్ ములుకు విరిగితే వేస్ట్. సినిమా సాగదీస్తే చెత్త, చెల్లి గీసిన బొమ్మ కూడా చెత్తే. బడిలో నేర్చారో, ఫోనులో విన్నారో, మన దగ్గరే పట్టుకున్నారో గానీ, ఎక్కడ లోపం కనిపించినా ఆ మాట పడేసి పక్కకు జరిగిపోతున్నారు. అది మొరటుదనమని మందలించే తల్లిదండ్రులున్నారు. నన్ను ఎక్కువగా బాధించేది వేరే ఉంది. ఆ మాట అన్న తర్వాత పిల్లవాడు ఆ వస్తువు వైపు మళ్లీ చూడడు. ఏం తగ్గింది, ఎందుకు తగ్గింది, బాగుచేయడానికి వీలుందా అన్న ఆలోచన అక్కడితో ఆగిపోతుంది.

లోపాన్ని చెప్పడానికి మన ఇళ్లలో మాటలకు ఎప్పుడూ కరువు లేదు. బెండకాయ ముదురుతుంది, వంకాయ పుచ్చుతుంది, దోసకాయ చేదెక్కుతుంది. పెరుగు పులుస్తుంది, అన్నం పాసిపోతుంది, బియ్యం ముక్కిపోతాయి, అప్పడాలు మెత్తబడతాయి. చీర రంగు వెలుస్తుంది, గోనెసంచి చివికిపోతుంది, బిందె సొట్టపడుతుంది. అన్నీ బాగోలేనివే, అయినా ఏ రెండూ ఒకటి కావు. పులిసిన పెరుగు మజ్జిగపులుసుకు పనికొస్తుంది. ముదిరిన బెండకాయను విత్తనానికి ఉంచుకోవచ్చు. పాసిపోయిన అన్నం మాత్రం పారబోయాల్సిందే. మాట మారితే మనం చేయాల్సిన పనీ మారుతుంది.

అందుకే కూరగాయలకు వెళ్లేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లమంటాను. వంకాయకు చిన్న చిల్లు ఎక్కడుందో వాళ్ల వేలితో పట్టించండి. బెండకాయ కొస విరిస్తే పుటుక్కున విరగాలని, సాగితే ముదిరిందని చెప్పండి. ఇంటికొచ్చాక పాత గుడ్డును నీళ్లలో వేసి చూపండి. నిలవ ఉన్నకొద్దీ పెంకు లోపల గాలి పెరుగుతుంది కాబట్టి అది తేలుతుంది. ఇవన్నీ చేత్తో తాకి, కంటితో చూసి నేర్చుకునే మాటలు. పుస్తకంలో బట్టీ పట్టిస్తే నిలవవు.

వీటిలో నాకు బాగా ఇష్టమైన మాట తాలు. కొన్ని ప్రాంతాల్లో పొల్లు అంటారు. పైకి చూస్తే వడ్లగింజే, లోపల బియ్యం ఉండదు. తూర్పారబడితే గాలికి దూరంగా పడుతుంది, విత్తనాలను ఉప్పునీళ్లలో వేస్తే పైకి తేలుతుంది. గింజ పాలుపోసుకునే వేళ నీళ్లు చాలకపోయినా, దోమపోటు తగిలినా తాలు ఎక్కువవుతుంది. ఈ సంగతి తెలిసిన పిల్లకు ఆ ఒక్క మాటలోనే గింజ కథంతా కనిపిస్తుంది. రైతులూ నేతగాళ్లూ వాడే ఇలాంటి మాటలు ఎంత విలువైనవో గుర్తించే, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున భద్రిరాజు కృష్ణమూర్తి గారు వాటికి మాండలిక వృత్తిపదకోశాలు కూర్చారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాలది 1971లో వచ్చాయి. ఏ గ్రంథాలయంలోనైనా దొరికితే ఒక సాయంత్రం పిల్లలతో కూర్చుని తిరగేయండి. అమెరికాలోనో దుబాయిలోనో పెరుగుతూ వరిచేను చూడని తెలుగు పిల్లలకైతే ఇది మరీ అవసరం.

చట్టం కూడా అన్నిటినీ ఒకే గాటన కట్టదు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం ప్రకారం ప్రమాణానికి తగ్గిన ఆహారం వేరు, తప్పుడు లేబుల్ అంటించింది వేరు, తింటే హాని చేసేది వేరు. మొదటి రెండింటికీ జరిమానాలు, మూడోదానికి జైలు కూడా ఉంది. పెద్ద తరగతుల పిల్లలకు ఇది చెప్పి చూడండి, చర్చ బాగా సాగుతుంది.

ఇక అసలు జాగ్రత్త పడాల్సిన చోటు పిల్లల సొంత పని. వ్యాసం రాసి తెచ్చింది, బాగోలేదు. బాగుందని అబద్ధం చెప్పకండి, వాళ్లకు తెలిసిపోతుంది. ‘ఏం రాశావే ఇది, చెత్తలా ఉంది’ అనీ అనకండి. ఎక్కడ తగ్గిందో చూసి చెప్పండి. ‘మొదలు బాగుందమ్మా, మధ్యలో చెప్పిందే మళ్లీ చెప్పావు. చివర తొందరపడి ముగించావు, చూడు.’ అప్పుడు ఆ పిల్ల చేతికి ఒక పని దొరుకుతుంది. తూతూమంత్రంగా చేసిన లెక్క వేరు, అర్థంకాక ఆపేసిన లెక్క వేరు, నిద్రకళ్లతో తప్పులు దొర్లిన లెక్క వేరు. మొదటిదానికి మళ్లీ చేయమనాలి, రెండోదానికి పక్కన కూర్చోవాలి, మూడోదానికి పుస్తకం మూసి పడుకోబెట్టాలి.

పనికి అనాల్సిన మాట మనిషికి తగిలించడం మన ఇళ్లలో మామూలైపోయింది. మట్టిబుర్ర, మొద్దు, దద్దమ్మ. ముద్దుగానే అంటున్నామనుకుంటాం. పిల్లల మనస్తత్వ నిపుణుడు హైమ్ గినాట్ 1965లో వెలువడిన ‘బిట్వీన్ పేరెంట్ అండ్ చైల్డ్’ పుస్తకంలో, జరిగిన దాని గురించి మాట్లాడండి, పిల్లవాడి స్వభావం గురించి తీర్పు ఇవ్వకండి అని తల్లిదండ్రులకు నచ్చజెప్పాడు. పాలు ఒలికితే తుడవడానికి గుడ్డ అందించాలి. వాడి చేతులెప్పుడూ అంతే అనే మాటతో ఏ నేలా శుభ్రపడదు. ఆ మాట వాడి లోపల మాత్రం ఉండిపోతుంది.

ఇంకొక చిన్న తేడా కూడా నేర్పండి. నచ్చలేదనడం వేరు, బాగోలేదనడం వేరు. కాకరకాయ వేపుడు చేదుగా ఉండటం వంట లోపం కాదు. ‘నాకు చేదు పడదు’ అనొచ్చు, ‘వరస్ట్’ అనకూడదు. అయితే ఉప్పు ఎక్కువైందని పిల్లవాడు చెబితే కోపగించుకోవద్దు, వాడు సరిగ్గానే చెప్పాడు. చుట్టాలింట్లో భోజనం చేస్తున్నప్పుడు మాత్రం ఆ మాట ఇంటికొచ్చేదాకా దాచుకోవాలని విడిగా చెప్పుకోవాలి.

ఈ తేడా బాగా పట్టుబడేది బట్టల అల్మారా సర్దేటప్పుడు. పండగ ముందు పిల్లలచేతనే వేరు చేయించండి. బిగుతైనవి ఒక కుప్ప, కుట్టు ఊడినవి ఒకటి, చిరిగి చివికినవి ఇంకొకటి. బిగుతైన చొక్కా వాళ్లకు పనికిరాదు కానీ చొక్కాలో లోపం లేదు, ఉతికి ఇస్త్రీ చేసి మరొక పిల్లవాడికి ఇవ్వొచ్చు. కుట్టు ఊడినదానికి సూది దారం చాలు, ఆ కుట్టు వాళ్లతోనే వేయించండి. చివికినవి ఎవరికీ ఇవ్వకండి, ఇల్లు తుడిచే గుడ్డలకు ఉంచుకోండి.