తుక్కు యినుము నుండి వేగపు బండి

ఇంటిలోని బాలుడో బాలికయో ఎక్కడనో దొరికిన తుప్పుపట్టిన పళ్లచక్రమునో, చెడిపోయిన కుట్టుమిషను తలనో తెచ్చి మూలను పెట్టినచో, "ఈ చెత్త యెందుకు? పుస్తకము తీసి చదువుకో" అని గద్దించుట మనలో చాలమందికి అలవాటు. ఆ గద్దింపులో ప్రేమ కలదు, భయమును కలదు. కాని ఒక్కొక్కప్పుడు దానివలన మనమే ఒక విద్యకు తలుపు మూసినవారమగుదుము. చేతిపని చదువునకు శత్రువు కాదనియు, లెక్క తెలియని చేతిపని మాత్రము ప్రాణమునకే శత్రువనియు తెలియజెప్పు చిత్రమైన వ్యాసంగ మొకటి అమెరికా దేశమున కలదు. దానిని 'హాట్ రాడ్' నిర్మాణ మందురు. తుక్కుగా పారవేసిన పాత కారుల భాగములను ఏరి తెచ్చి, ఇంటి కొట్టములోనే ఒక వేగవంతమైన కారును కూర్చుటయే ఈ వ్యాసంగము. తల్లిదండ్రులు దీనినుండి గ్రహింపదగిన విషయములు పెక్కు గలవు గనుక, దాని చరిత్రమును, పద్ధతిని క్రమముగా వివరించెదను.

దీని చరిత్రము

హెన్రీ ఫోర్డు స్థాపించిన మోటారు కర్మాగారము 1908 మొదలు 1927 వరకు 'మోడల్ టి' అను కారులను ఒక కోటి యేబది లక్షలకు మించి నిర్మించెను. దాని ఇంజను 20 అశ్వశక్తులు గలది. తరువాత వచ్చిన 'మోడల్ ఎ' కారునకు 40 అశ్వశక్తులు. 1932లో ఆ కర్మాగారమే సామాన్యుడు కొనగల వెలకు ఎనిమిది సిలిండర్ల 'వి-8' ఇంజనును అందించెను. దాని శక్తి 65 అశ్వశక్తులు. ఎనిమిది సిలిండర్లు అంతకుముందు ధనికుల కారులకే గాని సామాన్యుల కారులకు ఉండెడివి కావు. ఆ సంవత్సరపు కారును అభిమానులు నేటికిని 'డ్యూస్' అని ముద్దుగా పిలుతురు. చీట్లపేకలో రెండు చుక్కల ముక్కకు ఆంగ్లమున అదియే పేరు. 1932లోని చివరి అంకెను బట్టి ఈ పేరు వచ్చినది.

ఇన్ని లక్షల కారులు తయారైన దేశమున, కొన్ని సంవత్సరములకే అవి పాతబడి తుక్కు దొడ్లకు చేరెను. చేతిలో ధనము లేకున్నను ఉత్సాహము గల యువకులు వానిని కారుచౌకగా కొనుచుండిరి. దక్షిణ కాలిఫోర్నియాలో వర్షము తక్కువ. అందుచే ఇనుము త్వరగా తుప్పుపట్టదు. అక్కడి మొహావీ ఎడారిలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ మొదలైన ఎండిన సరస్సులు గలవు. అద్దమువలె సమతలమైన ఆ నేలలపై యువకులు తమ బండ్లను తోలి వేగమును కొలుచుకొనుచుండిరి. 1937లో అట్టి బృందములు చేరి 'దక్షిణ కాలిఫోర్నియా కాలపరీక్షా సంఘము'గా నేర్పడెను.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప సైన్యమునుండి తిరిగివచ్చిన యువకులతో ఈ వ్యాసంగము మరింత వ్యాపించెను. 1948లో దీనికై 'హాట్ రాడ్' అను మాసపత్రిక వెలసెను. 1949 నుండి యూటా రాష్ట్రములోని బాన్నెవిల్ ఉప్పుమైదానమున పోటీలు జరుగసాగెను.

కాని దీనికి చీకటి వైపును గలదు. కొందరు యువకులు రాత్రివేళ రాజమార్గములమీదనే పందెములు వేసిరి. ప్రమాదములు జరిగెను. హాట్ రాడ్ కట్టువాడనగా పోకిరి యను చెడ్డపేరు వచ్చెను. పోలీసులు కఠినులైరి. అప్పుడు ఆ వ్యాసంగమును ప్రేమించిన పెద్దలు చేసిన పని గమనింపదగినది. వారు యువకులను నిందించుటతో సరిపెట్టలేదు. 1951లో వాలీ పార్క్స్ నాయకత్వమున జాతీయ హాట్ రాడ్ సంఘమును నెలకొల్పిరి. వాడుకలో లేని విమానాశ్రయముల బాటలవంటి స్థలములను పోటీలకు సంపాదించిరి. పావు మైలు దూరమునకు పందెమును నిర్ణయించిరి. పరుగునకు ముందు ప్రతి బండిని పరీక్షించు నియమమును పెట్టిరి. ఉత్సాహమునకు చోటు, చోటునకు నియమము, నియమమునకు పరీక్ష — ఈ మూడును సమకూర్చిరి. పిల్లల ఉత్సాహమును అణచుటకంటె దానికి దారి చూపుట మేలని ఈ చరిత్రము చెప్పుచున్నది.

భాగముల యెంపిక

సంప్రదాయపు హాట్ రాడ్ అనగా ఆనాటి భాగములతో, ఆనాటి పద్ధతినే నిర్మింపబడునది. నేడు పాత రూపమునే పోలిన కొత్త ఉక్కు బాడీలు, ఫైబరుగ్లాసు బాడీలు అంగడిలో దొరకుచున్నవి. అయినను సంప్రదాయాభిమానులు పాతవానినే వెదకి తెత్తురు. 1931 నాటి మోడల్ ఎ బాడీ, 1932 నాటి చట్రము, 1939 నాటి గేరుపెట్టె, 1940 నాటి బ్రేకులు, 1948 నాటి ఇంజను — ఇట్లు ఒక్క బండిలో ఐదు సంవత్సరముల కారులు కలిసి కాపురము చేయుచుండును. ఒకే కర్మాగారము వరుసగా చేసిన భాగములు గనుక అవి చాలవరకు ఒకదాని కొకటి అమరును. అమరనిచోట ఆకురాయికిని, వెల్డింగునకును పని కలుగును.

పాత భాగమును కొనుటకు ముందు పరీక్షింపవలెను. వి-8 ఇంజను దిమ్మెలలో వాల్వులకును సిలిండరునకును నడుమ సన్నని నెర్రలు వచ్చుట పరిపాటి. అవి కంటికి కనబడవు. ఇనుమును అయస్కాంతముగా చేసి దానిపై సన్నని ఇనుపరజను చల్లినచో, నెర్ర ఉన్న తావున రజను గీతవలె పేరుకొనును. వైద్యుడు లోపలి యెముకను చూచినట్లు ఇనుములోని దోషమును చూచు ఉపాయమిది.

తుప్పు వదలించుట

చిన్న భాగముల తుప్పును విద్యుద్విశ్లేషణమున వదలింపవచ్చును. ప్లాస్టికు తొట్టిలో నీటియందు చాకలిసోడా కలిపి, బ్యాటరీ ఛార్జరు యొక్క ఋణధ్రువమును తుప్పుపట్టిన భాగమునకు, ధనధ్రువమును పనికిరాని ఇనుపముక్కకు తగిలింతురు. ఉన్నత పాఠశాలలో చదువు రసాయనశాస్త్రమే యిచట పనిచేయుచున్నది. అయితే ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు. అందుండి విషపూరితమైన క్రోమియము లవణములు పుట్టవచ్చును. ఈ క్రియలో వెలువడు హైడ్రోజను వాయువు మండునది గనుక గాలి వచ్చు చోటనే, నిప్పునకు దూరముగా చేయవలెను. తుప్పు తినివేసిన ఇనుము మాత్రము తిరిగి రాదు. పలుచనైన భాగము శుభ్రపడును గాని బలపడదు.

పాత బండిలో మరి మూడు అపాయములు పొంచియుండును. బ్రేకు పట్టీల ధూళిలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. అది ఊపిరితిత్తులకు హాని. పాత రంగులో సీసము ఉండవచ్చును. దానిని పొడిగా గీకరాదు. ఖాళీగా కనబడు పెట్రోలు తొట్టిలో ఆవిరి నిలిచియుండును. దానికి నిప్పు తగిలిన తొట్టి పేలును. ఈ పనులు పిల్లలచే చేయింపదగినవి కావు.

చట్రమును, ఇంజనును

పాత ఫోర్డు చట్రపు దూలములు ఒక ప్రక్క తెరచియున్న దోనె ఆకారము గలవి. తక్కువ శక్తి గల ఇంజనునకు అవి చాలును గాని, పెద్ద ఇంజను పెట్టినచో మెలితిరుగును. అందుచే తెరచియున్న ప్రక్కను ఉక్కుపలకతో మూసి, దూలమును పెట్టెవలె చేయుదురు. దీని మర్మమును పిల్లలకు ఇంటనే చూపవచ్చును. ఒక అట్టను మూడు ప్రక్కలుగా మడిచి మెలిపెట్టి చూడుడు, సులభముగా తిరుగును. నాలుగవ ప్రక్కను జిగురుతో అతికించి మరల మెలిపెట్టుడు, చేతికి లొంగదు.

ఇక ఇంజను. ఫోర్డువారి యొకరకపు వి-8 ఇంజనులో సిలిండరు వ్యాసము 3.1875 అంగుళములు, పిస్టను నడచు దూరము 3.75 అంగుళములు. వృత్తవైశాల్యము సుమారు 7.98 చదరపు అంగుళములు. దానిని 3.75 చేతను, సిలిండర్ల సంఖ్య యైన 8 చేతను గుణించిన 239 ఘనపుటంగుళములు వచ్చును. అదే కర్మాగారము 1949 నుండి తన మెర్క్యురీ కారులకు నాలుగంగుళముల నడక గల క్రాంకుషాఫ్టును చేసెను. యువకులు దానిని తుక్కులో సంపాదించి, తగిన పిస్టనులతో తమ ఇంజనున అమర్చిరి. 7.98ని 4 చేతను, 8 చేతను గుణించిన 255 వచ్చును. సిలిండరు వెడల్పు మారకయే ఇంజను పెరిగినది! తొమ్మిదవ తరగతి విద్యార్థి చేయగల లెక్క ఇది. కాని దీనిని కాగితముపై చేసినవానికంటె ఇనుముపై చేసినవాడు మరువడు.

ఈ ఇంజనునకు ఒక జాతిదోషము కలదు. పొగ బయటకు పోవు దారులు ఇంజను దిమ్మెలోనుండియే పోవును గనుక దానిలోని నీరు మిక్కిలి వేడెక్కును. శక్తి పెంచినచో వేడియు పెరుగును. వేడి పెరిగినచో రేడియేటరును బాగుచేయక తప్పదు. ఒక్క భాగము మార్చినచో మిగిలిన భాగములన్నియు 'నా సంగతి యేమి?' అని అడుగును. ఇదియే హాట్ రాడ్ విద్యకు ప్రాణము.

ముందు నిలుపుట, తరువాత పరుగు

బండి వేగము గంటకు 30 మైళ్లనుండి 60 మైళ్లకు పెరిగినచో దాని గతిశక్తి రెండింతలు కాదు, నాలుగింతలు అగును. ఆ శక్తి నంతయు బ్రేకులు వేడిగా మార్చి విడువవలెను. ఫోర్డు కారులకు 1938 వరకు యాంత్రికముగా లాగు బ్రేకులే యుండెను; 1939లో ద్రవముతో పనిచేయు బ్రేకులు వచ్చెను. మూసిన ద్రవముపై కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకు సమముగా వ్యాపించునను పాస్కలు సూత్రమే వానికి ఆధారము. బుద్ధిమంతులు ఇంజనును పెంచుటకు ముందే ఈ బ్రేకులను పాత బండికి అమర్చుకొనిరి. అయినను ఆ కాలపు ఏర్పాటులో ఒక్క గొట్టము పగిలినను నాలుగు చక్రముల బ్రేకులును పోవును. అందుచే నేడు సంప్రదాయాభిమానులలో సైతము పెక్కుమంది ముందు చక్రములకు, వెనుక చక్రములకు వేరువేరు దారులు గల మాస్టరు సిలిండరును వాడుచున్నారు. పాతదానిపై ప్రేమ ప్రాణముకంటె మిన్న కాదుగదా.

స్టీరింగు కీళ్ల మరలు కదలిపోకుండ వానిలో చిన్న చీలను దూర్చి చివరలు విరచెదరు. విప్పిన ప్రతిసారి కొత్త చీల వేయవలెను. దాని వెల స్వల్పము. కాని అది లేనిచో మర సడలును. మర సడలినచో చక్రము చేతికి లోబడదు. మన ఎద్దుబండి చక్రము జారిపోకుండ ఇరుసు కొనను దూర్చు కడచీల ఎట్టిదో ఇదియు అట్టిదే.

మన కర్తవ్యము

ఇట్టి బండిని మన వీథులలో నిర్మించుడని నేను చెప్పుట లేదు. రిజిస్ట్రేషనులో చూపిన రూపమునకు భిన్నముగా వాహనమును మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను నిషేధించుచున్నది. అదే చట్టమునకు 2019లో చేసిన సవరణ ననుసరించి, మైనరు బిడ్డ వాహనము నడపి నేరము చేసినచో సంరక్షకునకు మూడేండ్లవరకు కారాగారమును, 25,000 రూపాయల జరిమానాయు కలుగవచ్చును. బిడ్డ మారాము చేసెనని తాళపుచెవి నిచ్చుట ప్రేమ కాదు.

కాని విప్పి చూచు కుతూహలమును చంపరాదు. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు యౌవనమున కోయంబత్తూరులో ఒక హోటలునందు పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో మోటారుసైకిలు కొని, దానిని విప్పి మరల కూర్చి యంత్రవిద్య నభ్యసించిరి. 1920లో ఒక్క బస్సుతో రవాణా ప్రారంభించి, తరువాత పరిశ్రమలను, యంత్రవిద్యాలయమును నెలకొల్పిరి. పరాయి ప్రాంతమున ఉన్నను మనవారికి యంత్రవిద్య పరాయిది కాలేదు.

కావున ఇంట మూలబడిన పాత సైకిలును బిడ్డకు ఇండు. పెద్దవారొకరు ప్రక్కన కూర్చుండుడు. విప్పుటకు ముందు బొమ్మ గీయించుడు. విప్పిన ప్రతి మరను వరుసగా పెట్టించుడు. మరల కూర్చిన పిమ్మట మొదట బ్రేకును పరీక్షింపజేయుడు. ఆ బొమ్మప్రక్కన భాగముల పేర్లను తెలుగున వ్రాయించుడు. మన బిడ్డలు బడిలోను, వీధిలోను ఇతర భాషల మాటలను నేర్చుచున్నారు, అది మంచిదే. అయినను ఇరుసు, ఆకు, పట్టా, మర, చీల, దాగలి, పటకారు అను మాటలను మనము చెప్పనిచో వారికి చెప్పువారెవరు? పుస్తకములోనే యున్న మాట మరపునకు వచ్చును. చేతితో పట్టుకొన్న వస్తువు పేరు మరపునకు రాదు.

చేతికి మసి యంటుట అవమానము కాదు. లెక్క తెలిసి, అపాయ మెరిగి, ముందు బ్రేకును తరువాత వేగమును చూచుకొను బుద్ధి మన బిడ్డకు అలవడినచో, ఆ మసి సబ్బుతో పోవును, విద్య నిలుచును.