పైకి కానరాని పని



కాదమ్మా, కుక్క కరచి ఇరవై దినములైనను తమ పిల్లవాడు ఆడుకొనుచునే యున్నాడు గనుక సూదిమందు అక్కరలేదని పక్కింటివారనుకొనుట శుద్ధ పొరపాటు. నర్సు చదువు చదువుచున్న నీవు కూడ "నిజమేనేమో" యని వ్రాయుట నాకు బొత్తిగా నచ్చలేదు. పిచ్చికుక్క విషము గాయము నుండి నరముల వెంట మెదడునకు ప్రాకుటకు సాధారణముగా రెండు మూడు నెలలు పట్టును, ఒక్కొక్కయెడ వారమే చాలును, ఏడాదియు కావచ్చును. లక్షణములు బయటపడిన పిమ్మట వైద్యుడు చేయగలిగినది దాదాపు శూన్యము. ఆలస్యమైనదని సందేహింపక, ఈ జాబు చూచిన తక్షణమే వానిని మార్కాపురము సర్కారు ఆసుపత్రికి తీసికొనిపోవలెనని చెప్పుము.

ఇక రోగము లోన దాగియుండు ఈ గడువునకును, గుడ్డును పొదుగుటకును, నెలలు నిండని బిడ్డను పెట్టు పెట్టెకును 'ఇంక్యుబేషన్' అను ఒక్క మాటయే ఏమని విసుగుకొంటివి. పెట్టె సంగతి సులభము: తార్నియే అను ప్రసూతి వైద్యుడు పారిస్ జంతుశాలలో కోడిపిల్లలను పొదిగించు యంత్రమును చూచి, 1880 ప్రాంతమున అటువంటిదానినే పసికందులకై చేయించెను. తక్కినదానికి పుస్తకము మూసి, బేస్తవారిపేటలో మీ పెరటి గంపలో పొదుగుకు కూర్చున్న కోడిని చూడుము.

అది ఊరక కూర్చున్నదని నీ భావము. రెక్కల క్రింద 37 డిగ్రీలకు పైబడిన వెచ్చదనమును నిలుపుచు, దినమునకు ఎన్నోమార్లు ముక్కుతో గుడ్లను దొర్లించుచుండును. దొర్లింపనిచో లోని పిండము పెంకు పొరకు అంటుకొని చచ్చును. ఏడవనాటి రాత్రి గుడ్డును దీపమున కెదురుగా పట్టి చూచితివా, సాలీడు కాళ్లవంటి ఎర్రని రక్తనాళములు కనబడును; ఏమియు కానరాక తేటగా నున్నది పిల్ల కట్టని గుడ్డు. ఆ పరీక్ష ఒక్కసారి చాలును. నీవు పూటపూటకు కోడిని లేపి చూచుచున్నావని మీ అమ్మ వ్రాసినది, ఆ చాపల్యము మానుము! మన వైపు ఎండలలో పొదగవేయుటకు ముందే గుడ్లు చెడును గనుక, వానిని వారమునకు మించి దాచక, చల్లనిచోట నుంచుట మాత్రము నీ పని.

పదునెనిమిదవ దినము దాటిన పిదప గుడ్లను ముట్టకుము. పిల్ల మొద్దుకొన వైపునకు తిరిగి గాలిగదిని వెదకుకొను సమయమది. ఇరువదియొకటవ నాటికి పెంకు చిట్లును. మరి రెండు దినములాగినను పగులనివి మురిగినవే. వానిని దొడ్డిలో పారవేయక దూరముగా పూడ్చిపెట్టుము.