రహస్యపదములో ఒక్క అక్షరము
చేతిఫోనులో వైఫై రహస్యపదమును వ్రాయుట స్వల్పకార్యమే. అయినను ఒక్క అక్షరము తప్పినచో ద్వారము తెరువబడదు. 1997లో వచ్చిన వెప్ పద్ధతి యొక్క బలహీనత 2001లో బయలుపడెను. గనుక 2004లో డబ్ల్యుపిఎ2 ఏర్పడెను. ఇందు రహస్యపదము 8 మొదలు 63 అక్షరముల వరకు ఉండవచ్చును. ఇంగ్లీషు పెద్ద అక్షరము వేరు, చిన్న అక్షరము వేరు. ఫోను ఆ పదమును నెట్‌వర్కు పేరుతో చేర్చి, 4096 మారులు గణించి, అసలు తాళపుచెవిని పుట్టించును. పదము గాలిలో పంపబడదు. అయినను పొంచియున్నవాడు ఆరంభ సంకేతములను పట్టుకొని, తీరికగా ఒక్కొక్క పదమును పరీక్షింపగలడు. కాబట్టి పదము దీర్ఘముగాను, ఊహకందనిదిగాను ఉండవలెను. వ్రాయువాడు తొందరపడక, కన్ను గుర్తును నొక్కి, సున్నకును ‘ఓ’ అక్షరమునకును గల భేదమును చూచుకొనవలెను. కష్టమని పదమును కుదించువాడు తన యింటి కావలిని తానే తగ్గించుకొనును.