ఒంటరిగా సాగని విద్య

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. నీ ఉత్తరము అందినది. భూభౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి. ముగించుచున్న నీవు, చమురు సంస్థలో ఉద్యోగమునకు యత్నింపవలెనా, కేంద్ర ప్రభుత్వపు భూవిజ్ఞాన పరీక్షకు కూర్చుండవలెనా, లేక విదేశమునకేగి భూకంపశాస్త్రమున పరిశోధన చేయవలెనా అని అడిగితివి. మీ నాన్న వేరుగా ఫోను చేసి, "అన్నయ్యా, దానికి నాలుగు రాళ్లు వచ్చే దారి చెప్పు" అని కోరినాడు. ఇద్దరి ప్రశ్నలును న్యాయమైనవే. అయినను ఉద్యోగముల పట్టికను తరువాత చెప్పెదను. నీవు పట్టదలచిన విద్య యొక్క స్వభావము ముందుగా తెలిసినయెడల, ఏ కొలువు నీకు తగునో నీకే తోచును.

కొన్ని శాస్త్రములలో బుద్ధిమంతుడైనవాడు తన గదిలో, తన పరికరముతో, చాలదూరము ఒంటరిగా పోగలడు. భూకంపశాస్త్రమున అట్లు పోవుటకు వీలులేదు. భూమి కంపించినప్పుడు మొదట వచ్చునది పి తరంగము, వెనుక వచ్చునది ఎస్ తరంగము. భూమి పైపొరలో మొదటిది సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, రెండవది సుమారు మూడున్నర కిలోమీటర్లు నడచును గనుక, రికార్డుపై ఆ రెండింటి రాకకు నడుమగల వ్యవధిని సెకనులలో కొలిచి ఎనిమిదితో హెచ్చవేసినచో, కంపము పుట్టినచోటు ఎంత దూరముననున్నదో ఇంచుమించుగా తేలును. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము ములుగు ప్రాంతమున 5.3 పరిమాణముతో వచ్చిన భూకంపము హైదరాబాదు, విజయవాడ వాసులకు కూడ తెలిసినది గదా. అచ్చటికి 200 కిలోమీటర్ల దూరమునగల స్టేషనులో ఆ వ్యవధి 25 సెకనులకు అటునిటుగా ఉండును. అయితే ఆ 25 సెకనులు దూరమును చెప్పునే గాని చోటును చెప్పవు; ఆ దూరమును వ్యాసార్ధముగా గీసిన వలయముపై అది ఎచ్చటనైనను ఉండవచ్చును. మూడు దిశల కదలికను వ్రాయు పరికరమున్నచో దిక్కును కొంత ఊహింపవచ్చును గాని, నమ్మదగిన స్థానము కావలెనన్న, రెండవ స్టేషను వారు తమ వలయమును, మూడవ స్టేషను వారు తమ వలయమును గీసి యిచ్చిననాడే, ఆ మూడును కలిసికొను తావున భూకంపకేంద్రము దొరకును. పొరుగువాని రికార్డు లేనిదే మన రికార్డునకు అర్థము పూర్తికాదు. ఈ విద్యకు ఇది పుట్టుకతో వచ్చిన గుణము.

ఈ శాస్త్రచరిత్రమంతయు ఆ గుణమునకు సాక్ష్యము. జపానులో భూకంపములను పరిశీలించి 1895 లో స్వదేశమునకు మరలిన జాన్ మిల్న్, ఇంగ్లండు దక్షిణమునగల వైట్ ద్వీపములో కూర్చుండి, దేశదేశముల పరిశీలనాలయములనుండి రికార్డులను తెప్పించి, క్రోడీకరించి, మరల అందరికిని పంపుచుండెడివాడు. మన జియలాజికల్ సర్వేలో పనిచేసి, 1897 నాటి అస్సాము మహాభూకంపమును తరచిచూచిన ఓల్డుహాము, అట్టి దూరదేశపు రికార్డుల ఆధారముననే 1906 లో భూమికి గర్భగోళము కలదని నిరూపించెను. 1929 లో న్యూజీలండులో సంభవించిన భూకంపపు రికార్డులను, ఐరోపాలోను సోవియట్ దేశములోను గల స్టేషనుల నుండి వచ్చినవానిని, కోపెన్‌హాగెన్‌లో కూర్చుండి ఒకదానితో నొకటి సరిచూచిన ఇంగె లేమాన్ అను మహిళ, ఆ గర్భగోళములో మరియొక చిన్న గోళము కలదని 1936 లో లోకమునకు తెలిపెను. భూకంపము ఒక దేశములో, పరికరములు వేరు దేశములలో, ఆలోచన ఇంకొక దేశములో. ఆమె పేరు నీవు పాఠములో చదివియుందువు. ఆమె పని జరిగిన తీరును మరల ఒకమారు చదువుమని నా కోరిక.

మన దేశపు సంగతికి వచ్చెదను. మహారాష్ట్రములో కోయనానదిపై 103 మీటర్ల ఎత్తుగల ఆనకట్ట కట్టి జలాశయమును నింపిన కొలది కాలమునకే చిన్న చిన్న కంపములు మొదలై, 1967 డిసెంబరు 11వ తేదీన 6.3 పరిమాణముగల భూకంపము వచ్చినది. జలాశయము ప్రేరేపించిన భూకంపములలో అంతటిది లోకమున మరియొకటి లేదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆ ప్రాంతమున కంపములు నేటికిని ఆగలేదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు దశాబ్దములుగా ఆ చోటును విడువక పరిశీలించుచున్నారు. కరాడ్‌లో అందుకొరకే ఒక ప్రయోగశాల వెలసినది; అచ్చటివారు 3 కిలోమీటర్ల లోతునకు బోరుబావి త్రవ్వి, శిలల ఉష్ణోగ్రతను, ఒత్తిడిని కొలుచుచున్నారు. ఆ బావివద్ద భూకంపశాస్త్రజ్ఞుడు ఒక్కడే నిలిచి చేయగలది ఏమున్నది? జలాశయపు నీటిమట్టము ఆనకట్ట ఇంజనీరు పుస్తకములో ఉండును; రాతిని చదువువాడు భూగర్భశాస్త్రజ్ఞుడు; త్రవ్వువాడు డ్రిల్లింగు నిపుణుడు.

మహారాష్ట్రములోనిదే యైన కిల్లారి మాట చెప్పకుండ ఈ లేఖ సాగదు. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున 6.2 పరిమాణముతో వచ్చిన ఆ భూకంపమున వేలకొలది ప్రజలు నిద్రలోనే గతించిరి. దక్కను పీఠభూమి స్థిరమైనదను ధైర్యము అప్పటివరకు అనేకులకు ఉండెను. మట్టితో పేర్చిన బండరాళ్ల గోడలు, వానిపై మోయలేనంత మట్టికప్పు; జనులను చంపినది ఆ గోడలే. నీవు ఎంత గొప్ప తరంగగణితము నేర్చినను, గృహనిర్మాణమెరిగిన ఇంజనీరుతో చెలిమి లేనియెడల నీ విద్య ఒక ప్రాణమునైనను కాపాడజాలదు. రూర్కీలో 1960 నుండియు భూకంప ఇంజనీరింగు బోధన సాగుచున్నది, కాన్పూరు ఐ.ఐ.టి.లో ఇండ్లు కట్టువారికొరకు సమాచారకేంద్రము కలదు. సదస్సులకు పోయినప్పుడు నీ శాఖవారి బల్లవద్దనే కూర్చుండక, వారి బల్లవద్దకు కూడ పొమ్ము.

ఇక ఉద్యోగములు. యూ.పీ.ఎస్.సి. జరుపు భూవిజ్ఞాన పరీక్షద్వారా జియలాజికల్ సర్వేలోను, కేంద్ర భూగర్భజల మండలిలోను భూభౌతికశాస్త్రజ్ఞులను తీసికొందురు. మీ నాన్నకు నిశ్చింత కలిగించు దారి ఇది, తప్పక వ్రాయుము. ఓ.ఎన్.జి.సి. ఉద్యోగమును చిన్నచూపు చూచువారు విశ్వవిద్యాలయములలో కొందరున్నారు; అది తగదు. కృత్రిమ తరంగములను భూమిలోనికి పంపి, పరావర్తనములను వినుట యందును నీ గణితమే కలదు, పైగా క్షేత్రపు క్రమశిక్షణ అచ్చట అలవడినంతగా మరియొకచోట అలవడదు. ఆనకట్టలు, అణువిద్యుత్ కేంద్రములు, మెట్రోమార్గములు కట్టువారికిని స్థలపరీక్షకు నీవంటివారు కావలెను.

పరిశోధనవైపే మనసు లాగుచున్నచో, పొరుగూరు వెదకక మునుపు హైదరాబాదు చూడుము. 1961 లో స్థాపితమైన జాతీయ భూభౌతిక సంస్థ ఉప్పల్ దారిలో ఉన్నది. సముద్రసమాచార కేంద్రమైన ఇన్‌కాయిస్, 2004 నాటి సునామీ మన తీరమున చేసిన అనర్థము తరువాత, 2007 అక్టోబరు నుండి హెచ్చరికలను పంపుచున్నది. 2011 నుండి ఆస్ట్రేలియా, ఇండోనేసియాలతో కలిసి హిందూమహాసముద్రపు దేశములన్నిటికిని ఆ సేవ చేయుచున్నది. సుమత్రా వద్ద భూమి కదలినప్పుడు హైదరాబాదులో రేయింబవళ్లు మేలుకొనియున్నవారు నిముషములలో లెక్కకట్టవలెను. ఆ లెక్కకు ఇతరదేశముల స్టేషనులనుండి వచ్చు తరంగములు ఆధారము. దేశము దాటుదువా, జపానులోని త్సుకుబాలో వర్ధమానదేశములవారికి సంవత్సరకాలము శిక్షణనిచ్చు, 1962 లో స్థాపితమైన సంస్థ కలదు. ఇటలీలోని ట్రియెస్టే కేంద్రమున అప్పుడప్పుడు కార్యశాలలు జరుగును. జర్మనీలో పోట్స్‌డామ్‌నందలి భూవిజ్ఞాన పరిశోధన సంస్థ కలదు. అమెరికా సంగతి నీకే నాకంటె బాగుగ తెలియును.

ఇట్టి సంస్థలలోని పరిశోధకులకు నీవు వ్రాయు ఉత్తరమును గూర్చి ఒక మాట. "నాకు మీ శాఖపై మిక్కిలి ఆసక్తి" అను ఉత్తరములు వారికి దినదినము వందలుగా వచ్చుచుండును, చదువకయే ప్రక్కకు త్రోయుదురు. ప్రపంచపు స్టేషనుల రికార్డులనేకము నేడు ఎవరైనను ఉచితముగా దించుకొనవచ్చును. వానిని చదువుటకు ఓబ్స్‌పై అను సాఫ్ట్‌వేరు వంటి సాధనములును ఉచితములే. ఒక భూకంపమును ఎన్నుకొని, పది స్టేషనుల రికార్డులలో పి రాకను, ఎస్ రాకను యంత్రమునకు వదలక నీ కంటితో గుర్తించి, స్థానమును లెక్కకట్టి, నీ లెక్క ప్రకటిత స్థానమునకు ఎందుచేత దూరమైనదో రెండు పేరాలలో వ్రాసి పంపుము. తప్పు నీదైనను, దాని కారణమును వెదకిన నీ తీరును వారు చూతురు.

క్షేత్రమునకు పోవు అవకాశము వచ్చినప్పుడు ఎండ యని వెనుదీయకుము. స్టేషను పెట్టుటలో మెత్తనిమన్ను తొలగించి రాయి తగులువరకు త్రవ్వించుట, పరికరమును ఉత్తరదిశకు సరిచేయుట, రసమట్టపు బుడగ నడిమికి వచ్చువరకు మూడు కాళ్ల మరలను త్రిప్పుట, గాలికిని వేడికిని అందకుండ కప్పుట, ఇవన్నియు నీ చేతులతో చేయవలెను. కరెంటు వచ్చినంతనే ప్రక్క పొలములో బోరుమోటారు మొదలై రికార్డునంతయు చిరుగీతలతో నింపును. దానిని భూకంపమని భ్రమింపకుండుట పుస్తకము నేర్పదు. ఆ స్టేషను ఏ పల్లెటూరి బడి ఆవరణలోనో ఉండును. సౌరఫలకముపై దుమ్ము తుడుచు బడి బంట్రోతు ఆ పనిలో నీ సహచరుడే. అతనికి ఈ పెట్టె ఏమి చేయునో విప్పిచెప్పి, వచ్చిన రికార్డును చూపుము. అట్లు చేసినచోట పరికరములు చెడక నిలుచును, చేయనిచోట తీగలు మాయమగును.

సహకారమను పేరుతో జరుగు ఒక అన్యాయమును గూర్చి నీకు ముందే చెప్పవలెను. స్టేషనులు మనవారు పెట్టుదురు, మూడు వర్షకాలములు మనవారు కాపలాకాతురు, ప్రశ్న మాత్రము ఎవరో వేసికొని సమాధానము వ్రాసికొందురు. మనవారి పేర్లు వ్యాసము చివర కృతజ్ఞతలలో కనబడును. తప్పు వారిదొక్కరిదే యని నేననను. ప్రశ్నలేనివానికి రికార్డులు మోయు పనియే మిగులును. కనుక నీ ప్రశ్న నీవు వెంటదీసికొని పొమ్ము. ప్రశ్నలకు మనకు కొదువ లేదు: 1967 లో ఒంగోలు, 1969 లో భద్రాచలము, 2020 లో పులిచింతల, 2024 లో ములుగు ఎందుచేత కంపించినవి, గోదావరిలోయ భ్రంశములలో ఏది మేలుకొనియున్నది, కృష్ణాతీరపు మెత్తని ఒండ్రుమట్టిలో కంపము ఎంత పెరుగును, ఇవి తేలవలసిన విషయములు. వీనిని మనకంటె శ్రద్ధగా అడుగువారు వేరొకరు రారు. భూకంపము ఫలానా దినమున వచ్చునని జోస్యము చెప్పువారితో మాత్రము ఎన్నడును చేయికలుపకుము. అట్టి విద్య ఇంతవరకు ఎవరికిని లేదు.

ఎచ్చటనుండి పిలుపు వచ్చినను, చేరకమునుపు నీ మార్గదర్శకుని మూడు సంగతులు మర్యాదగా అడుగుము: రికార్డులు ఎవరి అధీనమున ఉండును, వానిని ఇతరులకు ఎప్పుడు విడుదల చేయుదురు, నేను చేసిన పనికి వ్యాసములో నా పేరు ఎచ్చట ఉండును అని. నేరుగా బదులు చెప్పువానివద్దకు, జీతము కొంచెము తక్కువైనను, పొమ్ము. మీ నాన్నకు నేను నచ్చచెప్పెదను. ఆ బదులు నాకు వ్రాసిన తరువాతనే అంగీకారపత్రముపై సంతకము పెట్టుము.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ పెదనాన్న